పూచీ బ్యాంకు బల్ల దాకా రావాలి: గోదావరి డెల్టా ప్రజాప్రతినిధులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన శాసనసభ్యులకు, శాసనమండలి సభ్యులకు,

నమస్కారం. పిల్లల పైచదువులకు ప్రభుత్వ పూచీతో, తక్కువ వడ్డీకి బ్యాంకు రుణాలు ఇప్పించాలన్నది ఏ పార్టీ వేదిక మీద చెప్పినా చప్పట్లు పడే మాట. మీరు ఆ మాట అంటున్నందుకు మాకు నిజంగా సంతోషం. అయితే పూచీ ఇస్తామన్న మాట వేరు, ఆ పూచీని చూసి కొత్తపేటలోనో ఆచంటలోనో బ్రాంచి మేనేజరు రుణం కాగితం మీద సంతకం పెట్టడం వేరు. ఈ రెంటి మధ్య చాలా పని మిగిలి ఉంది. అందులో ఎక్కువ భాగం మీ చేతుల్లోనే ఉంది. రుణ దరఖాస్తులు నింపిపెట్టేవాళ్లం, బ్యాంకుల్లో వాటిని పరిశీలించినవాళ్లం, కాలేజీ ఫీజు కౌంటర్లలో డిమాండ్ లెటర్లు రాసేవాళ్లం కలిసి ఈ లేఖ రాస్తున్నాం. దరఖాస్తు ఎక్కడ ఆగుతుందో, ఎందుకు ఆగుతుందో, మీరు ఏం చేస్తే కదులుతుందో చెప్పడమే మా ఉద్దేశం.

ముందు డెల్టా క్యాలెండరు సంగతి. దాళ్వా (రెండో పంట) ధాన్యం ఏప్రిల్, మే నెలల్లో అమ్ముడవుతుంది. ఆ డబ్బు మక్తాకూ, ఎరువుల కొట్టు బాకీకీ, పాత అప్పుకూ పోతుంది. జూన్, జూలై వచ్చేసరికి సార్వా (తొలి పంట) నారుమళ్లు, దమ్ము, ఊడ్పుల ఖర్చు మొదలవుతుంది. సరిగ్గా అప్పుడే కౌన్సెలింగు జరుగుతుంది, సీటు వస్తుంది, ఫీజు గడువు మీద పడుతుంది. సార్వా పంట చేతికొచ్చేది నవంబరు, డిసెంబరులో. సొంత పొలం ఉన్న ఇంటికే ఇది గడ్డుకాలం. డెల్టాలో పొలం దున్నేవాళ్లలో చాలామంది కౌలుదారులు. వాళ్లకు తనఖా పెట్టడానికి సెంటు భూమి ఉండదు. లంక భూముల్లో సాగు చేసుకునేవాళ్ల దగ్గర పట్టా ఉండదు. గ్రామకంఠంలో తాతల నాటి ఇల్లు ఉన్నా అది ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో చూపే లింకు దస్తావేజులు ఉండవు కాబట్టి బ్యాంకు లాయరు ఒప్పుకోడు. చివరికి ఊళ్లోనే నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తారు. రెండు లక్షలు తెస్తే నెలకు 4,000, ఏడాదికి 48,000 వడ్డీ అవుతుంది. అదే రెండు లక్షలకు బ్యాంకు 10 శాతం వేసుకున్నా ఏడాదికి 20,000. తేడా 28,000 రూపాయలు. ఏడాది హాస్టలు ఖర్చులో చెప్పుకోదగ్గ భాగం అది.

తనఖా లేనివాళ్ల కోసం దేశంలో ఏమీ లేదని కాదు. 4 లక్షల వరకు విద్యా రుణానికి తనఖా అడగకూడదని రిజర్వు బ్యాంకు ఎప్పుడో చెప్పింది. 2015లో వచ్చిన విద్యా రుణాల క్రెడిట్ గ్యారంటీ నిధి 7.5 లక్షల వరకు తనఖా గానీ, బయటివాళ్ల జామీను గానీ లేకుండా ఇచ్చే రుణాలకు పూచీ పడుతుంది. రుణం మొండిబాకీ అయితే అందులో 75 శాతం ఆ నిధి భరిస్తుంది. అందుకు బ్యాంకు ఏటా బాకీ మీద అర శాతం రుసుము కడుతుంది. వడ్డీ విషయానికొస్తే, 2009-10 నుంచి కేంద్ర వడ్డీ రాయితీ పథకం ఉంది. కుటుంబ ఆదాయం ఏడాదికి 4.5 లక్షల లోపు ఉండి, పిల్లలు వృత్తి విద్య, సాంకేతిక విద్య కోర్సుల్లో ఉంటే చదువుకునే కాలానికీ, ఆ తర్వాత ఏడాదికీ వడ్డీ మొత్తం కేంద్రమే కడుతుంది. 2024 నవంబరు 6న కేంద్ర మంత్రివర్గం ప్రధానమంత్రి విద్యాలక్ష్మి పథకాన్ని ఆమోదించింది. ఇందులో ఆదాయ పరిమితి 8 లక్షలు. 10 లక్షల వరకు రుణం మీద మారటోరియం కాలానికి, అంటే చదువుకునే కాలానికీ ఆ తర్వాత వాయిదాలు మొదలయ్యేలోపు ఏడాదికీ, 3 శాతం వడ్డీ తగ్గిస్తారు. తనఖా, జామీను ఉండవు. 2030-31 వరకు 3,600 కోట్లు కేటాయించారు. ఏడాదికి లక్ష మందికి వడ్డీ తగ్గింపు ఇవ్వాలన్నది లక్ష్యం.

ఇక ఇందులో డెల్టా పిల్లలు ఎక్కడ జారిపోతున్నారో చూడండి. ప్రధానమంత్రి విద్యాలక్ష్మి దేశంలోని అన్ని కాలేజీలకూ వర్తించదు. జాతీయ ర్యాంకింగుల్లో మొదటి వందలో ఉన్నవి, 101 నుంచి 200 లోపు ర్యాంకున్న రాష్ట్ర ప్రభుత్వ సంస్థలు, కేంద్ర ప్రభుత్వ సంస్థలు మాత్రమే ఆ జాబితాలో ఉంటాయి. మొదలుపెట్టినప్పుడు దేశం మొత్తం మీద ఉన్నవి 860. తాడేపల్లిగూడెం ఎన్‌ఐటీలో సీటు వచ్చిన అమ్మాయికి పథకం అందుతుంది. అదే ఊరి నుంచి పాతిక కిలోమీటర్ల దూరంలో అనుబంధ ఇంజనీరింగు కాలేజీలో చేరిన వాళ్ల చెల్లెలికి సాధారణంగా అందదు. 4.5 లక్షల లోపు వాళ్ల పాత రాయితీ పథకం కొంత విశాలమైనదే గానీ, దానికి కాలేజీ నాణ్యతను అంచనా వేసే న్యాక్ గుర్తింపో, ఆ కోర్సుకు ఎన్‌బీఏ గుర్తింపో ఉండాలి. ఎన్‌బీఏ సాంకేతిక కోర్సుల నాణ్యత చూసి కోర్సువారీగా ఇచ్చేది. కాలేజీ బోర్డు మీద ఎన్‌బీఏ అని రాసి ఉన్నా, పిల్ల చేరిన ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్ బ్రాంచికి ఉండకపోవచ్చు. కనీసం రెండు బ్యాచ్‌లు బయటికి వస్తే తప్ప కొత్త బ్రాంచి ఆ గుర్తింపుకు దరఖాస్తు చేసుకోలేదు. న్యాక్ గడువు దాటిపోయి పునరుద్ధరణ ఆలస్యమైనా రాయితీ ఆగిపోతుంది. బీఎస్సీ నర్సింగు చేరే ఆడపిల్లల విషయంలో నర్సింగు కౌన్సిలు గుర్తింపు ఆ ఏడాదికి ఉందా లేదా అన్నది చూస్తారు. కౌన్సెలింగులో ఆప్షను పెట్టుకునేటప్పుడు ఈ సంగతులు ఎవరూ చెప్పరు. సీటు తీసుకున్నాక బ్యాంకులో తెలుస్తాయి. మేనేజ్‌మెంట్ కోటా సీటు అయితే ఈ రాయితీలు అడగడం కూడా దండగే.

అన్నిటికంటే పెద్ద ఖాళీ మరొకటి ఉంది. కేంద్రం ఇచ్చే వడ్డీ సాయం మారటోరియంతో ముగిసిపోతుంది. వాయిదాలు మొదలైన నాటి నుంచి పూర్తి వడ్డీ కట్టాల్సిందే. ఒక లెక్క చెబుతాం. నాలుగేళ్ల కోర్సుకు ఏడాదికి 1,87,500 చొప్పున మొత్తం 7.5 లక్షలు, 10 శాతం వడ్డీ, చదువు అయ్యాక ఏడాది గడువు. మారటోరియంలో సాధారణ వడ్డీయే వేసినా మొదటి విడతకు అయిదేళ్లు, చివరి విడతకు రెండేళ్లు కలిపి 2,62,500 వడ్డీ చేరి బాకీ 10,12,500 అవుతుంది. 15 ఏళ్లలో తీర్చాలంటే నెలకు సుమారు 10,880. పదేళ్లలో తీర్చాలంటే 13,380. మారటోరియం వడ్డీ మొత్తం కేంద్రం కడితే 15 ఏళ్ల వాయిదా 8,060కి దిగుతుంది. మొదటి నుంచి చివరి దాకా 4 శాతమే అయితే 6,325. కొత్తగా ఉద్యోగంలో చేరి హైదరాబాదులోనో విశాఖలోనో గది అద్దె కట్టుకుంటూ నెలకు 20,000 తెచ్చుకునే కుర్రాడికి 10,880కీ 6,325కీ మధ్య తేడా చాలా పెద్దది. వాయిదా ఆగడం, ఆగకపోవడం అక్కడే తేలిపోతుంది. రాష్ట్రం సాయం చేయాల్సింది ఈ తీర్చే కాలంలోనే అని మేం గట్టిగా నమ్ముతున్నాం.

ఇక్కడే ఒక జాగ్రత్త కూడా ఉంది. వేరే ప్రభుత్వ స్కాలర్‌షిప్పో, వడ్డీ రాయితీయో, ఫీజు రీయింబర్స్‌మెంటో పొందే విద్యార్థికి ప్రధానమంత్రి విద్యాలక్ష్మి 3 శాతం తగ్గింపు రాదు. రాష్ట్రం కొత్త పథకం రాసేటప్పుడు చదువుకునే కాలపు వడ్డీని కూడా తానే తగ్గిస్తానని రాస్తే, కేంద్రం నుంచి వచ్చేది కోల్పోయి, ఆ భారాన్ని అనవసరంగా రాష్ట్ర ఖజానా మీద వేసుకున్నట్టు అవుతుంది. పైగా రాష్ట్రం డబ్బు ఆలస్యమైతే పిల్లలకు రెండూ పోతాయి. మార్గదర్శకాల ముసాయిదా మీ దగ్గరికి వచ్చినప్పుడు మొదట చూడాల్సిన వాక్యం ఇదే. కేంద్ర రాయితీకి అర్హత ఉన్నవాళ్లకు రాష్ట్ర సాయం తీర్చే కాలంలోనే మొదలవాలి. కేంద్ర జాబితాలో లేని కాలేజీలో చదివేవాళ్లకు మాత్రం మొదటి నుంచీ ఇవ్వాలి.

ఇప్పుడు బ్రాంచి దగ్గరికి వద్దాం. కాగితం మీద అన్ని హక్కులూ ఉన్న పిల్లవాడు కూడా తిరిగొచ్చేది అక్కడి నుంచే. “మీది మా సర్వీస్ ఏరియా కాదు” అంటారు. ఒక్కో బ్రాంచికి ఫలానా ఊళ్లని కేటాయించే ఈ సర్వీస్ ఏరియా నిబంధన విద్యా రుణానికి వర్తించదని రిజర్వు బ్యాంకు 2012లోనే సర్క్యులరు ఇచ్చింది. “తండ్రికి సిబిల్ లేదు” అంటారు. సిబిల్ అంటే బ్యాంకు అప్పులు తీర్చిన తీరును బట్టి వచ్చే స్కోరు. కౌలుదారుకు అది ఎక్కడి నుంచి వస్తుంది? పంట రుణం భూమి యజమాని పేరు మీద ఉంటుంది, ఈయన అప్పులన్నీ ప్రైవేటువి. సిబిల్ స్కోరు తక్కువన్న కారణంతో విద్యా రుణాన్ని తిరస్కరించకూడదని 2023లో కేరళ హైకోర్టు తీర్పు చెప్పింది. మన రాష్ట్రంలో ఆ తీర్పుకు కట్టుబడాల్సిన పని లేకపోయినా బ్యాంకర్ల సమావేశంలో చూపించదగ్గ తీర్పు అది. “ఒక పాలసీ తీసుకోండి, కొంత డిపాజిట్ పెట్టండి” అనడం ఇంకో రకం. అన్నిటికంటే ఎక్కువ జరిగేది నోటిమాటతో పంపేయడం. దరఖాస్తు తీసుకోరు, రసీదు ఇవ్వరు. తిరస్కరించాలంటే కారణం రాసి, పై అధికారి ఒప్పుకోలు తీసుకోవాలని భారతీయ బ్యాంకుల సంఘం నమూనా విద్యా రుణ పథకంలోనే ఉంది. దరఖాస్తే తీసుకోకపోతే తిరస్కరణ అన్నదే ఉండదు. జిల్లా నివేదికలో అంకెలన్నీ చక్కగా కనబడతాయి.

మేనేజర్లను దుర్మార్గులుగా చూపించడం మా ఉద్దేశం కాదు. కేంద్ర నిధి 75 శాతం ఇస్తుంది సరే, మిగిలిన 25 శాతం బ్యాంకుదే. క్లెయిము డబ్బు ఎప్పుడో తర్వాత వస్తుంది. ఖాతా మొండిబాకీ అయిన మర్నాటి నుంచి జోనల్ ఆఫీసు ఫోన్లు మాత్రం వస్తాయి. రెండు మూడేళ్లలో బదిలీ అయ్యే మనిషి, పదిహేనేళ్లు సాగే రుణాన్ని పంట రుణంతోనో బంగారం రుణంతోనో పోల్చి చూసుకుంటాడు. నిజానికి భయం ఒకప్పుడు ఉన్నంత అవసరం ఇప్పుడు లేదు. ప్రభుత్వ రంగ బ్యాంకుల విద్యా రుణాల్లో మొండిబాకీలు 2020-21లో 7 శాతం ఉంటే 2024-25కి 2 శాతానికి తగ్గాయని కేంద్రమే పార్లమెంటుకు చెప్పింది. భయం పోవాలంటే ఆ 25 శాతంలో పెద్ద వాటాకు ఎవరో ఒకరు నిలబడాలి. రాష్ట్రం నిలబడాల్సిన చోటు అదే.

దీనికి ఎంత అవుతుందో లెక్క వేయడానికి సులువుగా ఉండే అంకెలు తీసుకుంటాం. అంచనా కోసమే తప్ప ఇవి సర్వేలో తేలినవి కావు. 10,000 మంది, సగటున 5 లక్షలు అంటే 500 కోట్లు. కష్టమైన పరిస్థితి ఊహించి వందకు పది చెడిపోయాయని అనుకుందాం. 50 కోట్లు. అందులో 37.5 కోట్లు కేంద్ర నిధి ఇస్తుంది. మిగిలింది 12.5 కోట్లు. అది మొత్తం రాష్ట్రం భరిస్తానంటే మాత్రం తప్పు. బ్యాంకుకు పైసా నష్టం లేకపోతే వసూలు మీద శ్రద్ధ ఉండదు, పిల్లవాడి అడ్రసు మారినా పట్టించుకోరు. కాబట్టి 20 శాతం రాష్ట్రం, 5 శాతం బ్యాంకు అని పంచుకోవాలి. రాష్ట్రానికి పడేది 10 కోట్లు, అదీ ఒకేసారి కాదు, ఏళ్ల మీద. ఏటా కట్టే అర శాతం పూచీ రుసుము 2.5 కోట్లు కూడా రాష్ట్రమే భరిస్తే బ్యాంకు ఆ ఖర్చును వడ్డీలో కలపదు. ఖరీదైన భాగం వడ్డీ తగ్గింపు. 10 శాతాన్ని 4 శాతానికి దించాలంటే 500 కోట్ల బాకీ మీద ఏడాదికి 30 కోట్లు. బాకీ తగ్గేకొద్దీ ఇదీ తగ్గుతుంది. అందరికీ 15 ఏళ్లూ ఇవ్వలేకపోతే తీర్చే కాలంలో మొదటి అయిదేళ్లకైనా ఇవ్వండి. జీతం తక్కువగా ఉండేది అప్పుడే, వాయిదాలు తప్పేదీ అప్పుడే.

పావలా వడ్డీ మన రాష్ట్రానికి కొత్త కాదు. నూటికి నెలకు 25 పైసలు, అంటే ఏడాదికి 3 శాతం. డ్వాక్రా సంఘాల మహిళలకు ఇది బాగా తెలుసు. సభ్యురాలు ముందు పూర్తి వడ్డీ కట్టడం, ప్రభుత్వం తర్వాత ఎప్పుడో తిరిగి ఇవ్వడం ఎంత ఇబ్బందో కూడా వాళ్లకు తెలుసు. విద్యా రుణంలో ఆ పద్ధతి పెట్టొద్దు. మూడు నెలల వడ్డీ వాటాను ముందుగానే ప్రత్యేక ఖాతాలో వేసి, ప్రతి నెలా బ్యాంకు అందులోంచి తీసుకునేలా ఉండాలి. ఆ ఖాతాలో డబ్బు లేనప్పుడు పిల్లవాడి ఖాతాలో తేడా వేయకూడదని, అతని సిబిల్‌లో ఆలస్యం చూపకూడదని ఒప్పందంలో రాయించాలి. జీవోలో రాస్తే చాలదు. బ్యాంకు చూసేది తాను సంతకం పెట్టిన ఒప్పందాన్నే.

ఇక్కడ శాసనసభ్యులుగా మీకు ఒక ప్రత్యేకమైన బాధ్యత ఉంది. బ్యాంకింగు కేంద్రం జాబితాలోది. రాష్ట్రం బ్యాంకులను ఆదేశించలేదు. కానీ రాజ్యాంగం 293వ అధికరణ ప్రకారం రాష్ట్ర ప్రభుత్వం పూచీ ఇవ్వగలదు, దానికి హద్దు నిర్ణయించే అధికారం శాసనసభది. విద్యా రుణాలకు ఎంత వరకు పూచీ అన్నది విడిగా చెప్పకపోతే, కార్పొరేషన్లకు ఇచ్చే పూచీలన్నిటితో కలిసి అది ఆర్థిక శాఖ ఫైళ్లలో వెనక వరసలో కూర్చుంటుంది. బడ్జెట్ సమావేశంలో దీనికి విడి పద్దు అడగండి. ఎంత పూచీ ఇచ్చారు, ఎంత క్లెయిము వచ్చింది, ఎంత చెల్లించారు అన్న మూడు అంకెలు ఏటా సభ ముందు పెట్టమనండి.

ఇతర రాష్ట్రాల అనుభవం మన ముందే ఉంది. బీహారు 2016 అక్టోబరు 2న స్టూడెంట్ క్రెడిట్ కార్డు మొదలుపెట్టింది. 4 లక్షల వరకు రుణం. ప్రభుత్వం పూచీ ఇచ్చినా బ్యాంకులు ముందుకు రాలేదు. 2018లో రాష్ట్రమే విద్యా ఆర్థిక సంస్థను పెట్టి 4 శాతం సాధారణ వడ్డీకి, ఆడపిల్లలకు 1 శాతానికి నేరుగా రుణాలివ్వడం ప్రారంభించింది. 2025లో వడ్డీ కూడా తీసేసింది. పశ్చిమ బెంగాల్ 2021లో 10 లక్షల వరకు, 4 శాతం సాధారణ వడ్డీకి, 15 ఏళ్ల గడువుతో బ్యాంకుల ద్వారానే ఇచ్చే మార్గం ఎంచుకుంది. మా అభిప్రాయం చెప్పమంటే, మొదటి రెండేళ్లు బ్యాంకులతోనే వెళ్లాలి. మంజూరు రేటు పెరగకపోతే అప్పుడు సొంత సంస్థ గురించి ఆలోచించాలి. సొంత సంస్థకు వసూలు సిబ్బంది కావాలి, ఎన్నికల ముందు మాఫీ ఒత్తిళ్లు తట్టుకోవాలి.

ఫీజు రీయింబర్స్‌మెంటు, రుణం కలిసే చోట ఇంకో చిక్కు ఉంది. కన్వీనర్ కోటా పిల్లలకు ట్యూషన్ ఫీజు ప్రభుత్వం ఇస్తుంది కాబట్టి బ్యాంకు ఆ మొత్తాన్ని రుణం లెక్కలోంచి తీసేస్తుంది. అది న్యాయమే. కానీ ప్రభుత్వం డబ్బు ఆలస్యమైనప్పుడు కాలేజీ ఆ ఫీజు విద్యార్థినే ముందు కట్టమంటుంది. రుణంలో అది లేదు, చేతిలో డబ్బు లేదు. హాల్ టికెట్ కోసం, ఒరిజినల్ సర్టిఫికెట్ల కోసం మళ్లీ రెండు రూపాయల వడ్డీయే. ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీ పట్టి ఉంచుకోకూడదని యూజీసీ చెప్పినా ఇది ఆగడం లేదు. పరిష్కారం కష్టమైనది కాదు. మంజూరయ్యేటప్పుడే రీయింబర్స్‌మెంటు మొత్తానికి తాత్కాలిక పరిమితి ఒకటి పెట్టాలి. ప్రభుత్వ డబ్బు గడువు దాటితే బ్యాంకు కాలేజీకి కడుతుంది. ప్రభుత్వం ఇచ్చినప్పుడు అది కాలేజీ నుంచి నేరుగా రుణ ఖాతాకు తిరిగి రావాలి. ఈ మధ్యకాలపు వడ్డీ ఆలస్యం చేసిన ప్రభుత్వానిదే తప్ప పిల్లవాడిది కాకూడదు. కాలేజీ రెండుసార్లు ఫీజు తీసుకోకుండా ఉండాలంటే రుణ ఖాతా నంబరు రీయింబర్స్‌మెంటు పోర్టల్లో ఎక్కించాలి. ఇది రాష్ట్రం చేతిలో ఉన్న పని. ఎవరి అనుమతీ అక్కర్లేదు.

వాయిదాల పద్ధతి గురించి ఒక మాట. ఉద్యోగం వచ్చేదాకా మొదటి నెలలు తండ్రే కడతాడు. కౌలు రైతుకు నెలనెలా రాబడి ఉండదు. సహ రుణగ్రహీత సాగుదారు అయినప్పుడు, పిల్లవాడు ఉద్యోగంలో చేరేదాకా ఏడాదికి రెండు వాయిదాలు, దాళ్వా తర్వాత జూన్‌లో ఒకటి, సార్వా తర్వాత జనవరిలో ఒకటి ఉండేలా బ్యాంకులతో ఒప్పందం చేయించండి. నెలవారీ వాయిదా 90 రోజులు ఆగితే ఖాతా మొండిబాకీ అవుతుంది. గడువు తేదీలే పంటకు తగ్గట్టు పెడితే ఆ మచ్చ పడదు. చేపల చెరువులు, రొయ్యల చెరువులు కౌలుకు చేసే కుటుంబాలకు వేరే తేదీలు కావాలి. ఆ సంగతి ఉండి, భీమవరం నియోజకవర్గాల సభ్యులకు మేం చెప్పక్కర్లేదు. కౌలు గుర్తింపు పత్రానికి యజమాని ఒప్పుకోలు కావాలి, అదీ 11 నెలలకే చెల్లుతుంది. విద్యా రుణానికి ఆదాయ రుజువుగా ఆ పత్రాన్నే అడిగితే సగం మంది తప్పిపోతారు. తహసీల్దారు ఆదాయ ధ్రువపత్రం సరిపోవాలి.

చిన్నవిగా కనబడే కొన్ని కాగితం పనులు రుణాన్ని నెలల తరబడి ఆపుతున్నాయి. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా, పదో తరగతి మెమోలో పొడి అక్షరంతో, తల్లి బ్యాంకు పాసుబుక్కులో ఇంటిపేరు లేకుండానే ఉంటాయి. బ్యాంకు వ్యవస్థ ఈ మూడు చోట్ల పేర్లనూ వేరే మనుషులవిగా చూస్తుంది. ఇంటర్ రెండో ఏడాది జనవరి నుంచే గ్రామ సచివాలయంలో ఈ పేర్లు సరిచూసి, ఆదాయ ధ్రువపత్రం సిద్ధం చేసి పెడితే జూలైలో పరుగులు ఉండవు. విద్యాలక్ష్మి, ప్రధానమంత్రి విద్యాలక్ష్మి పేర్లు ఒకేలా ఉన్నా పోర్టల్స్ వేరు. పాతదాంట్లో దరఖాస్తు పెట్టి కొత్త రాయితీ కోసం ఎదురుచూసేవాళ్లు ఉన్నారు. రుణం మంజూరైన రోజే ఖాతాను ‘రాయితీకి అర్హం’ అని బ్యాంకు గుర్తించకపోతే కేంద్రం తరఫున రాయితీ డబ్బు పంచే నోడల్ బ్యాంకుకు క్లెయిము వెళ్లదు. వడ్డీ పిల్లవాడి ఖాతాలోనే పేరుకుపోతుంది. రెండో ఏడాది ఫీజు విడుదలకు మార్కుల జాబితా, కాలేజీ డిమాండ్ లెటరు కావాలి. విశ్వవిద్యాలయం ఫలితాలు ఆలస్యమైతే బ్యాంకు ఆగుతుంది, కాలేజీ ఆగదు. ఫలితాల కోసం చూడకుండా బోనఫైడ్ (కాలేజీలో చదువుతున్నట్టు ధ్రువపత్రం) మీద మొదటి సెమిస్టరు ఫీజు విడుదల చేయాలని ఒప్పందంలో ఒక్క వాక్యం రాస్తే ఇది తీరిపోతుంది.

విదేశీ చదువుల రుణాలను ఈ పూచీలో కలపొద్దని మా మనవి. వాటి మొత్తాలు పెద్దవి. నలుగురైదుగురికి నర్సింగో, ఇంజనీరింగో చెప్పించే డబ్బు ఒక్కరి విదేశీ చదువుకు అయిపోతుంది. అది తప్పని అనడం లేదు. దానికి వేరే పద్దు పెట్టాలి.

చివరిగా, రేపే మొదలుపెట్టగలిగిన పని. ప్రతి జిల్లాలో కలెక్టరు అధ్యక్షతన మూడు నెలలకోసారి జిల్లా స్థాయి బ్యాంకర్ల సమీక్ష కమిటీ కూర్చుంటుంది. శాసనసభ్యులను దానికి పిలవాలని రిజర్వు బ్యాంకు లీడ్ బ్యాంకు పథకంలోనే ఉంది. మీలో కొందరు వెళుతున్నారు, ధన్యవాదాలు. వెళ్లినప్పుడు పంట రుణాల లక్ష్యం దగ్గరే ఆగిపోకండి. బ్రాంచివారీగా అడగండి. పోర్టల్లో ఎన్ని దరఖాస్తులు వచ్చాయి, 15 రోజులు దాటినవి ఎన్ని, తిరస్కరించినవి ఎన్ని, ఆ కారణాలేమిటి, 7.5 లక్షల లోపు రుణాల్లో తనఖా తీసుకున్నవి ఎన్ని, రాయితీకి గుర్తించినవి ఎన్ని. ఈ ఆరు వివరాలు జిల్లాలో బ్యాంకులన్నిటి పనిని సమన్వయం చేసే లీడ్ డిస్ట్రిక్ట్ మేనేజరు దగ్గర ఒక్క పేజీలో దొరుకుతాయి. దరఖాస్తులు శూన్యమని చూపే బ్రాంచి మీద ముందు దృష్టి పెట్టండి. డెల్టాలో ఏ మండలంలోనూ పైచదువుకు డబ్బు అవసరం లేని ఊరు లేదు. శూన్యం అంటే దరఖాస్తు తీసుకోలేదనే అర్థం. విజయవాడలో జరిగే రాష్ట్ర స్థాయి బ్యాంకర్ల సమితికి యూనియన్ బ్యాంకు కన్వీనరు. జిల్లాలో తేలని సమస్యను అక్కడి ఎజెండాలో పెట్టించే శక్తి మీకుంది. పూర్వపు చైతన్య గోదావరి గ్రామీణ బ్యాంకు శాఖలు 2025 మే 1 నుంచి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకులో కలిసిపోయాయి. పల్లెల్లో మనకు దగ్గరగా ఉన్నవి అవే. వాటికి విద్యా రుణాల లక్ష్యం విడిగా పెట్టించండి.

ఉభయ గోదావరి పట్టభద్రుల, ఉపాధ్యాయుల నియోజకవర్గాల మండలి సభ్యులకు ఇంకో విన్నపం. కౌన్సెలింగు ఆప్షన్లు మొదలయ్యే ముందే, ఏ కాలేజీలోని ఏ కోర్సు ఏ రాయితీకి అర్హమో, న్యాక్ గడువు ఎప్పటిదాకానో, ఎన్‌బీఏ ఏ బ్రాంచికి ఉందో ఉన్నత విద్యామండలి ఒక్క పట్టికగా తెలుగులో ప్రకటించేలా చూడండి. మార్కుల జాబితా పక్కన ఆ పట్టిక పెట్టుకుని ఆప్షన్లు ఇచ్చుకుంటారు.

పథకం ముసాయిదా మీ చేతికి వచ్చినప్పుడు మాకు పంపితే వాక్యం వాక్యం చదివి, బ్యాంకు బల్ల దగ్గర ఏది నిలబడుతుందో, ఏది నిలబడదో వారం రోజుల్లో రాసి ఇస్తాం. వచ్చే బడ్జెట్ సమావేశంలోపు పూచీ పరిమితి, విడి పద్దు, ఒప్పందం నమూనా ఈ మూడూ సభ ముందుకు రావాలని కోరుతున్నాం.

ఇట్లు,
గోదావరి డెల్టా మండలాల్లో విద్యా రుణాల పనిలో ఉన్నవాళ్లం